ఊగడం మానేసిన పన్ను

"ఏం తింటారు సార్ మీరు, రాళ్ళా?" అంది డాక్టర్ ఫరీదా.

చేతిలోని డ్రిల్లును దీపం కిందికి తెచ్చి చూసుకుంది. దాని కొనకు వజ్రం పొడి అద్ది ఉంటుంది. అది కాస్తా అరిగిపోయి మొండిగా మిగిలింది. మా ఆయన పన్నుమీద మాత్రం గీత కూడా పడలేదు.

కుర్చీలో వెనక్కి వాలి నోరు బార్లా తెరుచుకుని ఉన్న భావనారాయణ గొంతులోనే కిసుక్కుమన్నాడు. పక్కన స్టూలుమీద కూర్చున్న నేను పైకే నవ్వేశాను. నవ్వక ఏం చెయ్యను? ఆయన నిజంగానే రాళ్ళు నాకే మనిషి. ఇది తిట్టు కాదు, ఆయన వృత్తి. భూగర్భశాస్త్రం చదివి గుట్టలు పట్టుకు తిరిగేవాళ్ళు చేతికి రాయి దొరగ్గానే నాలుకతో తడిపి చూస్తారు. తడిస్తే లోపలి గింజలు, రంగులు తేటగా కనబడతాయి. నాలుకకు అతుక్కుందంటే అది రాయి కాదు, పాత ఎముకో బంకమట్టో అయి ఉంటుంది. మేమిద్దరం ఉస్మానియాలో ఒకే బెంచీమీద చదువుకున్నాం. నేను సూక్ష్మదర్శినుల వైపు పోయాను కాబట్టి ఆ అలవాటు నాకు అబ్బలేదు. "నీళ్ళ సీసా జీపులో ఉంటుంది, నాలుక నోట్లోనే ఉంటుంది కదా కౌసల్యా," అనేవాడు నేను విసుక్కుంటే. ఆయనది బాపట్ల, ఆ ఊరివాళ్ళకు దేనికైనా సమాధానం సిద్ధంగా ఉంటుంది.

ఫరీదా డ్రిల్లుకు కొత్త కొన తగిలించింది. అదీ అరిగింది. ఆ తర్వాతది టప్పున విరిగి ఆయన గడ్డం మీద పడింది. దాంతో ఆమె నవ్వడం మానేసింది.

"పోయినసారి ఈ పిప్పిపన్ను నేనే చూశాను కదా. మెత్తగా ఉండింది. ఒకసారి ఎక్స్‌రే తీద్దాం," అంది.

బొమ్మ తెరమీదికి వచ్చింది. ఎవరి దవడలోనైనా పన్ను వేరుకూ ఎముకకూ నడుమ సన్నటి నల్లగీత కనబడాలి, అక్కడొక మెత్తటి పొర ఉంటుంది. ఈయనకు ఆ గీత లేదు. పన్నూ దవడా కలిసిపోయి ఒకే తెల్లటి ముద్దలా ఉంది. ఆ తెలుపు పక్క పన్నులోకీ, ఆ పక్కదానిలోకీ పాకి ఉంది.

"పంటి నొప్పి తగ్గిపోయిందిగా, మంచిదేగా," అన్నాడు మా ఆయన మూతి తుడుచుకుంటూ.

ఫరీదా బొమ్మను పెద్దది చేసి మళ్ళీ చూసింది. నేను మాత్రం ఆ తెలుపును ఎక్కడో చూశాను. ఎక్కడ చూశానో కారెక్కేదాకా గుర్తు రాలేదు.

పోయిన వేసవిలో నల్లగొండ జిల్లాలో ఒక ఉల్క పడింది. ప్రపంచంలో ఇంకెక్కడా చోటు లేనట్టు నేను పుట్టిన ఊళ్ళోనే, ఈదులగట్టులో, కందిచేను మధ్యలో పడింది. మా పరిశోధనశాలవాళ్ళు "ఆ ఊరి అల్లుడివి, నీకైతే అడ్డు చెప్పరు" అని ఈయన్నే పంపారు. తెచ్చిన రాయిలోని ఫాస్ఫేట్ ఖనిజాల పని నా వంతుకు వచ్చింది.

గ్రహాలింకా పుట్టని కాలంలో భాస్వరం ఇనుములో కరిగి దాక్కుని ఉండేది. ఉల్కల తల్లి రాయి వేడెక్కినప్పుడు అది ఇనుమును వదిలి బయటికి వచ్చి, కాల్షియంనూ ఆక్సిజన్‌నూ జత చేసుకుని ఫాస్ఫేట్ అవుతుంది. తడి తగిలినచోట ఎపటైట్ అనే ఖనిజం పుడుతుంది, తడి లేనిచోట మెరిలైట్ పుడుతుంది. మన ఎముకలూ పళ్ళూ ఆ ఎపటైట్ కుటుంబానివే. ఈదులగట్టు రాయిలో ఈ రెండూ కానిది ఒకటి దొరికింది, ఎక్స్‌రేలో అచ్చం ఆ పన్నులాగే తెల్లటి ముద్దగా. అది ఒకప్పుడు తడి ఉన్నదే. ఆకాశంలో ఏదో పెద్ద రాయి వచ్చి గుద్దితే ఆ ఒక్క దెబ్బకు తడంతా ఎగిరిపోయి, లోపలి అమరిక వంకరపడి అలాగే బిగుసుకుపోయింది. పక్కనున్న ఎపటైట్ గింజ తగిలితే చాలు, దానిలోని తడిని ఊడబెరికి బయటికి గెంటి దాన్నీ తనలాగే మార్చేసింది. పాలలో చెంచాడు మజ్జిగ వేస్తే కుండంతా పెరుగైనట్టు. అందుకే ఈయన దానికి 'తోడు' అని ముద్దుపేరు పెట్టాడు. ఆ మార్పంతా అంతరిక్షంలో, భయంకరమైన వేడిలో జరిగిందని నేను వ్యాసం కూడా రాశాను. మామూలు వేడిలో, మనిషి నోట్లో జరుగుతుందని ఎవరనుకుంటారు?

మర్నాడు పొద్దున్నే ఆయన్ని ల్యాబుకు లాక్కుపోయాను. లేజర్ కాంతి పడేసి, తిరిగొచ్చే వెలుగును బట్టి ఖనిజం పేరు చెప్పే పరికరం మా దగ్గర ఉంది. రాయిముక్క పెట్టేచోట మొగుడి గడ్డం పెట్టించాను.

"పాతికేళ్ళ కాపురంలో నన్నిలా ఎప్పుడూ చూడలేదే నువ్వు," అన్నాడు.

"నోర్మూసుకో. అదే, నోరు తెరువు."

తెరమీద గీత లేచింది. ఉల్క తాలూకు పాత గీతను తెచ్చి దానిమీద పరిచాను. ఒకదానిమీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి. వెంట్రుకంత తేడా కూడా లేదు. పరికరం చెడిపోయిందనుకుని వేరే రాయి పెట్టి చూశాను. బాగానే పనిచేస్తోంది. మళ్ళీ ఆయన పన్ను పెట్టాను, మళ్ళీ అదే గీత వచ్చింది.

"నాకావు కదూ?" అన్నాను.

"ఏంటి?"

"ఆ రాయిని. నాకినవా లేదా చెప్పు." కోపమొస్తే నాకు మా ఊరి మాట వచ్చేస్తుంది.

"కొంచెమే. రైతు చేతుల్లోంచి తీసుకోగానే, అలవాటు చొప్పున..."

"నీకు తలకాయ ఉన్నదా? తొడుగులు ఇచ్చి పంపింది ఎందుకు?"

"చేతులకిచ్చారుగానీ నాలుక్కివ్వలేదుగా," అన్నాడు. అని, నా మొహం చూసి ఆగిపోయాడు. తెరవైపు తిరిగి ఆ రెండు గీతల్నీ చాలాసేపు చూశాడు. ఆయనా చదువుకున్నవాడే, నేను విడమర్చి చెప్పాల్సిన పనిలేదు.

"ఎంతదాకా పోతుందంటావు?" అని అడిగాడు మెల్లగా.

నాకు తెలియదన్నాను. నిజానికి తెలుసు. కుండ అంచుదాకా పోతుంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా మేదిని వరండాలో కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. ఒక్కతే కూతురు. ఆలస్యంగా పుట్టింది, రెండో తరగతి. నెలరోజులుగా ఆ పిల్లకు కింది పాలపన్ను ఊగుతోంది. ఇంట్లో అదే పెద్ద విశేషం. పొద్దున లేస్తే అద్దం ముందు నిలబడి దాన్ని నాలుకతో ముందుకూ వెనక్కూ తోసి మాకు చూపించేది. ఎప్పుడు ఊడుతుంది, ఎక్కడ పాతిపెట్టాలి అని రోజూ చర్చ. రెండు వారాలుగా ఆ మాట ఎత్తడం లేదని నాకు అప్పుడే తట్టింది.

"మేదినీ, నీ పన్ను ఊడిందా బిడ్డా?"

పిల్ల మొహం ముడుచుకుంది. "ఊడలేదు. ఊగుతలేదు కూడా."

"ఇటు రా, నోరు తెరువు."

వేలు పెట్టి కదిపాను. కదల్లేదు. గట్టిగా నొక్కాను. గోడకు కొట్టిన మేకులా ఉంది. వెలుగులోకి తిప్పి చూస్తే దాని అంచు గాజులా మెరుస్తోంది, పక్క పన్ను అంచు కూడా. ఊగే పాలపన్ను మళ్ళీ బిగుసుకోవడం ఎక్కడైనా విన్నామా? పిల్ల నా మొహం చూసి జడుసుకుని, "నేనేం చెయ్యలేదమ్మా, దానంతటదే ఆగిపోయింది," అని ఏడవడం మొదలుపెట్టింది.

వెనక నిలబడ్డ భావనారాయణ తన చొక్కా అంచు పట్టుకుని చూసుకున్నాడు.

"కాకెంగిలి," అన్నాడు.

మా ఇంట్లో తండ్రీకూతుళ్ళది ఒకటే కంచం, ఒకటే మంచం. ఆయన దారిలో పల్లీపట్టీ కొనుక్కొస్తాడు. ఇనుములా ఉండే ఆ పట్టీని చొక్కా అంచులో చుట్టి, పళ్ళతో కొరికి, సగం ఆ పిల్ల నోట్లో పెడతాడు. బట్ట అడ్డం పెట్టి కొరికితే అది కాకెంగిలి, ఎంగిలి కిందికి రాదట. చిన్నప్పుడు మనమందరం ఇచ్చిపుచ్చుకున్నదే. బట్ట నేతలో ఉన్న సందులకంటే ఆ స్ఫటికాలు ఎన్నో రెట్లు చిన్నవి.

"బళ్ళో ఎవరికన్నా కాకెంగిలి పెట్టినవా బిడ్డా? నిజం చెప్పు, కొట్టను."

"లేదమ్మా. టీచర్ తిడ్తది. నాన్నతోనే."

ఆ ఒక్క మాటకు నేను దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాను.

ఆస్పత్రిలో తండ్రికీ కూతురికీ పక్కపక్క గదులిచ్చారు. గ్లాసులు, కంచాలు విడివిడిగా పెట్టారు. ఫరీదా తన పనంతా పక్కన పెట్టి మా వెంటే ఉంది. పెద్ద డాక్టర్లు వచ్చారు, చూశారు. వాళ్ళు చెప్పింది ఇదీ. ఎముకను మనం రాయిలాంటిది అనుకుంటాం గానీ అది రోజూ కొంచెం కరిగి, కొంచెం కట్టుకుంటూ ఉంటుంది. అలా కరిగిన భాస్వరంతోనే కండరాలు కదులుతాయి, గుండె కొట్టుకుంటుంది. తోడు పట్టిన ఎముక కరగదు. ఒంట్లో ఉన్న భాస్వరమంతా దానిలో చిక్కుకుపోతుంది. పెద్దవాళ్ళకు కొంత వ్యవధి ఉంటుంది. ఎదిగే పిల్లకు అంత ఉండదు.

"గుండె ఆగిపోతుందా?" అని అడిగాను.

"దవడ దాటి మెడలోకి దిగకముందే ఆపాలి మేడమ్," అన్నాడు వాళ్ళలో పెద్దాయన. ఎలా ఆపాలో మాత్రం చెప్పలేదు. దవడ తీసేస్తామంటారేమోనని నేను చూశాను. అప్పటికే కొన్ని గింజలు రక్తంలోకి వెళ్ళి ఉంటాయి, కోసినా లాభం లేదన్నారు.

ఆ వారంలో భావనారాయణ దవడ కీలు బిగుసుకుంది. నోరు తెరుచుకోవడం మానేసింది. పళ్ళ సందుల్లోంచి స్ట్రాతో జావ తాగేవాడు, పళ్ళు బిగించే మాట్లాడేవాడు. కోపంగా మాట్లాడుతున్నట్టుండేది, పాపం, ఆయనకు కోపం రాదు. "పిల్లకెలా ఉంది?" అన్నదొక్కటే పదేపదే అడిగేవాడు.

"ఇప్పుడు నువ్వు కూర్చో కౌసల్యా," అంది ఫరీదా ఒకరోజు. "నీ నోరు ఇంకా చూడనేలేదు."

నాకు నోరు తెరవాలంటే చచ్చేంత సిగ్గు. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. నా పళ్ళు గోధుమరంగు గారలతో, గుంటలతో పురుగు తిన్న జొన్నగింజల్లా ఉంటాయి. ఈదులగట్టు నీళ్ళ పుణ్యం. మా ఊరి బోర్లలో ఫ్లోరైడు. నన్ను చిన్నప్పుడే హాస్టల్లో వేశారు కాబట్టి పళ్ళతో పోయింది. ఊళ్ళోనే ఉండిపోయిన మా అక్క అండాలుకు నడుము పోయింది. అక్క మొహం చూడాలంటే ఎదుటివాళ్ళు కింద కూర్చోవాలి, అంతగా వంగిపోయింది. అందుకే మేదినిని ఆ ఊరికి తీసుకువెళ్ళినప్పుడల్లా నీళ్ళ క్యాన్లు హైదరాబాదునుంచే మోసుకుపోతాను. ఆ ఊరి చుక్క నీరు పిల్ల పెదవికి తగలనివ్వలేదు.

ఫరీదా ప్రతి పన్నూ తట్టి చూసింది. ఎక్స్‌రే తీసింది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీకేం లేదు," అంది. ఆమె గొంతులో సంతోషం కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది. "ఒక్క గింజ కూడా లేదు. నువ్వూ ఆయన కంచంలోనే తింటావు కదా?"

తింటాను. ఆయన తాగిన చాయ్ తాగుతాను. మొగుడూ పెళ్ళాలం, ఇంకా చెప్పాలా? అందరికంటే ముందు నాకు రావాలి. మరెందుకు రాలేదు? ఆలోచిస్తూ మెట్లు దిగుతుంటే ఇంకోటి తట్టింది. ఆ రాయి దొరికిన రోజు ఊళ్ళో సగం మంది దాన్ని పట్టుకుని చూశారు, పసుపూ కుంకుమా పెట్టారు, ఆ చేతులతోనే అన్నాలు తిన్నారు. ఒక్కరికీ ఏమీ కాలేదు.

నేను అక్కడినుంచి ల్యాబుకు పరుగెత్తాను. చెప్పులు కూడా విప్పలేదు. ఉల్కలోంచి కోసిన పల్చటి పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టాను. అందులో ఒకచోట తోడుకు ఆనుకుని రెండు ఎపటైట్ గింజలున్నాయి. ఒకదాన్ని తోడు పూర్తిగా తినేసింది. రెండోదాని జోలికి పోలేదు. ఇన్నాళ్ళూ దాన్ని చూస్తూనే ఉన్నాను, ఏదో సందువల్ల తగల్లేదనుకున్నాను. ఈసారి దానిలో ఏముందో కొలిచాను. నిండా ఫ్లోరిన్.

ఎపటైట్ స్ఫటికంలో తడి కూర్చునే చోటు ఒకటుంటుంది. తోడు లాగేసేది అక్కణ్ణుంచే. ఫ్లోరిన్ ముందే వచ్చి ఆ చోట్లో కూర్చుంటే ఇక లేవదు. ఆర్టీసీ బస్సులో రుమాలు వేసిన సీటులాగా, ఎవరొచ్చి గింజుకున్నా అంతే.

ఫరీదా దగ్గర పీకేసిన పళ్ళు డబ్బాలకొద్దీ ఉన్నాయి. నల్లగొండ వైపువాళ్ళ గార పళ్ళు కొన్ని, మామూలు పళ్ళు కొన్ని తెచ్చింది. గాజుపళ్ళేల్లో కృత్రిమ లాలాజలం పోసి, వాటిమీద తోడు పొడి చల్లాం. వారం తిరిగేసరికి తెల్లటి ముత్యాల్లాంటి మంచి పళ్ళన్నీ గాజై కూర్చున్నాయి. పాచిపట్టినట్టుండే మా ఊరి పళ్ళు ఎలా వేసినవి అలాగే ఉన్నాయి.

"అల్లా!" అంది ఫరీదా. నాకు మాత్రం నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ పళ్ళేలన్నీ నేలకేసి కొట్టాలన్నంత కోపమూ వచ్చింది. ఏ నీళ్ళనుంచి తప్పించుకుందామని జీవితమంతా పరుగెత్తానో, ఆ నీళ్ళలోని విషాన్నే నా చేత్తో నా బిడ్డకు పట్టాలి. కొంచెం పడితే చాలదు. తోడు పాకే వేగానికి ముందుండాలంటే ఏళ్ళ తరబడి పట్టాలి. ఆ మోతాదులో ఫ్లోరైడు ఎదిగే వెన్నును ఏం చేస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ముందు నాకివ్వండి," అన్నాడు భావనారాయణ పళ్ళ సందుల్లోంచి.

"నీకు ఇప్పటికే చాలా దూరం పోయింది. నీ ఒంటికి అది పడకపోతే?"

"అందుకే ముందు నాకు. పిల్లకిచ్చి చూస్తావా?"

ఆస్పత్రివాళ్ళు తర్జనభర్జనలు పడి ఒప్పుకున్నారు. కొలిచిన ఫ్లోరైడు ద్రావణం ఆయనకు మొదలుపెట్టారు. కడుపులో మంట పెడితే కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకునేవాడు, మానెయ్యమని మాత్రం అనలేదు. నెల తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఆ తెలుపు మెడ మొదట్లో ఆగిపోయి ఉంది. గీత గీసినట్టు ఆగింది. డాక్టర్లు చప్పట్లు కొట్టినంత పని చేశారు. దవడ మాత్రం తిరిగి రాదన్నారు. ఆయన ఇక జీవితంలో నోరు తెరవలేడు. ఆ మాట విని ఆయన భుజాలెగరేశాడు.

"ఇక రాళ్ళు నాకుతాననే భయం లేదుగా నీకు," అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని బావురుమన్నాను.

ఆ నెలలో మేదిని దవడంతా గాజైపోయింది. అన్నం నమలలేకపోతోంది. రెండు మెట్లెక్కితే ఆయాసం. రక్తంలో భాస్వరం పడిపోతోందని చెప్పారు. ఇక ఆగడానికి లేదు, రేపే మొదలుపెడదామన్నారు. తల్లిగా నా సంతకం కావాలన్నారు.

మర్నాడు పొద్దున్నే అక్క వచ్చింది. ఊరినుంచి బస్సులో, ఒక్కతే, చేతికర్ర పట్టుకుని. గదిలోకి నేలను చూస్తూ నడిచి వచ్చింది, ఇంకెటూ చూసే వీల్లేదు కాబట్టి. మంచం కోడు కనబడ్డాక ఆగి, తడుముకుని మేదిని పాదం పట్టుకుంది.

"ఏందే చెల్లె, బొక్కలు రాయైతున్నయంట?"

కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె మొహం కనబడేలా నేను నేలమీద కూర్చున్నాను. మొత్తం చెప్పాను. మందు సంగతి చెప్పేసరికి అక్క చేతికర్ర పైకెత్తింది. కొడుతుందనే అనుకున్నాను.

"గా ఫ్లోరైడా? నా నడుమిరగ్గొట్టిన గదాన్ని పొల్లకు తాగిపిస్తవా? నీకు మనసెట్లొప్పిందే?"

"ఇంకో తొవ్వ లేదక్కా. లేకపోతే పిల్ల దక్కది."

"దక్కినంక? ఏం జేస్తది దక్కి? నాలెక్క నేల జూసుకుంట తిరుగుతదా? తలెత్తి చూసే మొగులు ఎట్లుంటదో నేను మర్శిపోయిన, ఎరుకేనా నీకు? ఒగల సాయం లేకుంట ఒక పక్కకు ఒత్తిగిల్లలేను. ఎందుకు బతుకుతున్ననా అని ఎన్నిసార్లు అనుకున్ననో నీకేం తెలుసు? నువ్వు హాస్టలుకు పోతివి. నేను మాత్రం దినాం సావు కోరుకున్న." చేతికర్ర దించి నా భుజం పట్టుకుంది. "వద్దే చెల్లె. నీ కాళ్ళు మొక్కుత. ఇంకేదన్న జూడు."

నేలమీదే కూర్చుని అక్క మోకాళ్ళమీద తల పెట్టుకున్నాను. గుమ్మంలో నర్సు మందుగ్లాసు, కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది. పక్కగది తలుపు దగ్గర భావనారాయణ నిలబడి చూస్తున్నాడు.

మంచంమీద పిల్ల కదిలింది. నిద్రపోతోందనుకున్నాం. మా మాటలన్నీ విన్నట్టుంది.

"అమ్మా, అది తాగితే పెద్దమ్మలెక్క వంగిపోతనా?"

లేదు బిడ్డా, ఏం కాదు, అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆ కళ్ళు చూశాక అబద్ధం రాలేదు.

"ఏమో బిడ్డా. డాక్టర్లు కాకుండ చూస్తమంటున్నరు. కావచ్చు కూడా."

మేదిని ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు అక్కవైపు చూసింది. ఆ పడకను బాగా కిందికి దించి ఉండబట్టి దానికి పెద్దమ్మ మొహం సరిగ్గా ఎదురుగా కనబడుతోంది.

"పెద్దమ్మా, నీకు ఎన్నేండ్లు?"

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "నా ఏండ్లెందుకు బిడ్డా ఇప్పుడు? యాభై ఆరు."

"యాభై ఆరా!" పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. ఆయాసంతో ఆగి, ఊపిరి తీసుకుని, ఎంతో ఆశగా అడిగింది. "మరి నాక్కూడా యాభై ఆరు వస్తయా?"

అక్క చేతికర్ర కిందపడింది. ఆమె దాన్ని వెతుక్కోలేదు. రెండు చేతులూ చాచి, నర్సు చేతిలోని గ్లాసు ఇటు తెమ్మని సైగ చేసింది. నేను కాగితాలమీద సంతకం పెట్టాను, నర్సు గ్లాసు తెచ్చి అక్కకు ఇచ్చింది. వంకరపోయిన ఆ వేళ్ళ మధ్య గ్లాసులోంచి చుక్క కూడా ఒలకలేదు.

"నాకంటె ఎక్కువే వస్తయి బిడ్డా," అంది అక్క. "తాగు."